అత్తగారి బనానా పుడ్డింగ్

అందరికీ నమస్కారం.

ఇంట్లో తరాలుగా చేసుకునే వంటకం ఒకటి ఎంచుకుని మాట్లాడమన్నారు. నాకు వెతుక్కోవాల్సిన పని పడలేదు. మా అత్తగారిది అమెరికాలోని టెనెసీ. ఆ ఇంట్లో పుట్టినరోజు చేసినా, చర్చిలో అందరూ కలిసి భోజనం చేసినా, ఎవరైనా పోయి వాళ్లింటికి తిండి పట్టుకెళ్లాల్సి వచ్చినా బనానా పుడ్డింగ్ ఉండాల్సిందే. అంటే బిస్కెట్లు, అరటిపండు ముక్కలు, పాలు, గుడ్డు కలిపి చిక్కగా ఉడికించిన కస్టర్డ్ పొరలు పొరలుగా పేర్చి చేసే తీపి వంటకం. ఆవిడకి వాళ్లమ్మ నేర్పారు, నాకు ఆవిడ నేర్పారు.

అరటి తోటలు లేని టెనెసీలో అరటిపండు ఇంటి వంటకం ఎలా అయింది? రైళ్ల వల్ల. 19వ శతాబ్దం చివరి నుంచి మధ్య అమెరికా దేశాల అరటిగెలలు ఓడల్లో న్యూ ఆర్లీన్స్ రేవుకి దిగేవి. అక్కడి నుంచి ఐస్ పెట్టెలున్న బోగీల్లో ఉత్తరానికి వెళ్లేవి. టెనెసీ, కెంటకీ రాష్ట్రాల సరిహద్దులో ఫుల్టన్ అనే ఊళ్లో ఆ బోగీలను ఆపి మళ్లీ ఐస్ నింపేవారు. ఆ ఊరు 1960లలో అరటిపండు పేరుతో ఒక ఉత్సవమే మొదలుపెట్టింది. అందులో టన్ను బరువున్న పుడ్డింగ్ చేసి ఊరేగించి పంచిపెట్టేవారు. మొదట్లో పుడ్డింగ్ అడుగున స్పాంజ్ కేక్ ముక్కలు పరిచేవారు. తర్వాత వాటి స్థానంలో వెనీలా వేఫర్స్ అనే చిన్న గుండ్రటి బిస్కెట్లు వచ్చాయి. బిస్కెట్ల కంపెనీలు డబ్బా మీద ఈ వంటకాన్ని అచ్చు వేయడంతో అది ఇంటింటికీ చేరింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా అత్తగారు ఈ వంటకం రాసిపెట్టుకున్న కార్డు మీదున్న కొలతలు ఆ డబ్బా మీది కొలతలకి చాలా దగ్గర. దానికి నేనేమీ నొచ్చుకోను. కొలతలు ఎక్కడివైనా కావచ్చు. ఆ కొలతలతో ఏం చేయాలి, ఏ గుర్తు కనబడితే పొయ్యి ఆపాలి అన్నదే మా ఇంటిది. అది కార్డు మీద లేదు. "చిక్కబడేదాకా ఉడికించాలి" అని మాత్రం ఉంది. ఎంత చిక్కగా? దానికోసమే ఇవాళ మాట్లాడుతున్నాను.

కొలతలు ముందు చెప్పేస్తాను. పాలు రెండు కప్పులు, పంచదార అర కప్పు, మైదా కప్పులో మూడో వంతు, చిటికెడు ఉప్పు, మూడు గుడ్ల పచ్చసొనలు, అర చెంచా వెనీలా, నలభై, నలభై అయిదు వేఫర్స్, అయిదు అరటిపండ్లు. తెల్లసొనలు దాచండి.

పాలు వెన్న తీయనివే ఉండాలి. అందులో రాజీ వద్దు.

మందపాటి గిన్నెలో పంచదార, మైదా, ఉప్పు పొడిగా ఉన్నప్పుడే బాగా కలపండి. పంచదార రేణువులు మైదాని విడదీస్తాయి కాబట్టి ఉండలు కట్టదు. పచ్చసొనలు, చల్లటి పాలు కలిపి గిలక్కొట్టి, అప్పుడు పొయ్యి మీద పెట్టండి. వేడి పాలల్లో గుడ్డు పోసే పద్ధతి కంటే ఇందులో టెన్షన్ తక్కువ. సెగ మధ్యస్థంగా ఉండాలి. చెక్క గరిటె అడుగంతా, ముఖ్యంగా అంచుల మూలల్లో తిరుగుతూనే ఉండాలి. అడుగంటేది ఆ మూలల్లోనే.

మొదట చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. పైన నురగ ఉంటుంది. ఆ నురగ దానంతటదే తగ్గిపోయిందంటే చిక్కబడటం మొదలైందన్నమాట. గరిటె బరువెక్కుతుంది. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత పూడుకోకుండా నిలుస్తుంది. చాలామంది ఇక్కడే దించేస్తారు. మా అత్తగారు నా పక్కన నిలబడి, "ఇంకా లేదు, ఇంకా లేదు" అనేవారు. మధ్యలో పెద్ద బుడగ ఒకటి మెల్లగా లేచి 'బుళుక్' మని పగలాలి. అప్పటి నుంచి ఒక పూర్తి నిమిషం, అలా పగులుతూ ఉండగానే తిప్పాలి.

ఆ నిమిషానికి కారణం ఉంది. పచ్చసొనలో ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది. దాన్ని పూర్తిగా చంపాలంటే కస్టర్డ్ ఉడుకు పట్టాలి. ముందే దించితే వేడిగా ఉన్నప్పుడు చక్కగా చిక్కగానే ఉంటుంది. తెల్లారేసరికి నీళ్లు విడిచి జావలా అయిపోతుంది. గుడ్డు విరిగిపోతుందేమోనని భయపడతారు. పిండి లేని కస్టర్డ్ అయితే ఆ భయం నిజమే. ఇందులో మైదా అడ్డుగా ఉంటుంది కాబట్టి, తిప్పుతూ ఉంటే మరిగినా విరగదు. ఎంజైమ్ పేరు మా అత్తగారి నోట ఎప్పుడూ వినలేదు. ఆ నిమిషాన్ని మాత్రం ఆవిడ ఏనాడూ వదల్లేదు.

దించాక వెనీలా వేయండి. పొయ్యి మీద ఉండగా వేస్తే వాసన ఆవిరితో పోతుంది.

ఇక పండు. తొక్క పసుపు మీద అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు ఉండాలి. పచ్చి అంచులున్న పండులో పిండి ఇంకా తీపిగా మారి ఉండదు, వాసనా రాదు. నల్లబడిపోయిన పండు నీరు కారుస్తుంది. కోసిన ముక్క గాలి తగిలితే నల్లబడుతుందని కొందరు నిమ్మరసం పూస్తారు. నాకది నచ్చదు, పాల రుచి మీద పులుపు తేలుతుంది. నల్లబడకుండా చేసేది కస్టర్డే. అందుకే ముందు కస్టర్డ్ సిద్ధం చేసుకుని, తర్వాతే పండ్లు కోయండి. వేఫర్స్, ముక్కలు, పైన వేడి కస్టర్డ్. మళ్లీ అదే వరస. ఏ ముక్కా బయటికి కనబడకూడదు.

దాచిన తెల్లసొనలు పావు కప్పు పంచదారతో గట్టిగా నురగ వచ్చేలా గిలక్కొట్టి, కస్టర్డ్ వేడిగా ఉన్నప్పుడే పైన పరిచి, గిన్నె అంచులకి తాకించండి. కింది వేడికి నురగ అడుగు కూడా ఉడుకుతుంది. లేకపోతే మధ్యలో నీరు చేరి పొర జారిపోతుంది. 175 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో పావుగంట, పైన బంగారు రంగు వచ్చేదాకా. ఈ రోజుల్లో చాలామంది దీనికి బదులు గిలక్కొట్టిన క్రీమ్ వేస్తున్నారు. తప్పేం లేదు, కానీ వేడి కస్టర్డ్ మీద వేయకూడదు, కరిగిపోతుంది.

తర్వాత కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి, రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. ఆ సమయంలోనే వేఫర్స్ కస్టర్డ్‌లోని తడి పీల్చుకుని కేక్‌లా మెత్తబడతాయి. స్పూన్ దిగబడాలి, కరకర వినబడకూడదు. రెండు రోజుల్లో తినేయండి. ఆపై పండు రంగు మారుతుంది.

గుడ్డు తినని వాళ్లు పచ్చసొనలు, మైదా వదిలేసి, రెండు కప్పుల పాలకి మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ చల్లటి పాలల్లోనే కలిపి ఉడికించండి. దించాక కాస్త వెన్న వేయండి, పైన క్రీమ్ వేసుకోండి. వేఫర్స్ డబ్బా మీద మాత్రం చదివి చూసుకోండి, చాలావాటిలో గుడ్డు ఉంటుంది. ఇవాళ రెండు రకాలూ తెచ్చాను. గుడ్డు లేనిది ఎడమవైపు బల్ల మీద, చీటీ అంటించిన గిన్నెలో ఉంది. రండి, తిందాం.