పట్టా మంచిదే, రింగులే కొంప ముంచాయి

అందరికీ నమస్కారం. ఈ నీలం టార్పాలిన్ పట్టాకు నేను ఒక్క రూపాయి కట్టలేదు. వాడి చూసి చెప్పమని తయారుచేసినవాళ్లే పంపారు. పొగడమని పంపారేమో, అది వాళ్లకే తెలియాలి. పొడవు, వెడల్పు, ఎన్ని జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు) అన్న లెక్కల జోలికి పోను.

నాది చిన్న పికప్ బండి. పలమనేరులో టమాటా ఎక్కించుకుని తిరుపతిలో దింపుతాను. మామిడి కాలంలో తోతాపురి కాయ. నెల రోజులుగా ప్రతి లోడు మీదా ఇదే పట్టా కప్పాను. రాత్రంతా వాన కురిసినా చుక్క దిగలేదు. పై వరుస బాక్సుల్లో కాయ పొడిగానే ఉంది. బరువు తక్కువ కాబట్టి ఒక్కణ్ణే పైకి విసిరి పరిచేశాను. ఇంతవరకు సంతోషం.

ఇప్పుడు కెమెరా దగ్గరకు తెస్తున్నాను, ఈ రింగు చూడండి. తాడు దూర్చేది ఇందులోనే. గోటితో నొక్కితే వంగుతోంది. మూడో ట్రిప్పులో మొగిలి ఘాట్ దిగుతున్నాను. అర్ధరాత్రి, ఎదురుగాలి, జల్లు. వెనక టపటపమని చప్పుడు. టైరు పోయిందనుకుని గుండె జారింది. బండి పక్కకు ఆపి టార్చి వేస్తే, వెనక మూల రింగు ఒక్కటే తాడుకు వేలాడుతోంది, పట్టా జెండాలా ఎగురుతోంది. రింగు ఊడిన చోట కొబ్బరి పీచులా దారాలు లేచాయి.

అప్పుడు ఆదుకున్నది గులకరాయి. రోడ్డు పక్క నిమ్మకాయంత రాయి ఏరి, పట్టా మూలలో పెట్టి, మూట కట్టినట్టు చుట్టి, దాని మెడకు తాడు బిగించాను. లాగేకొద్దీ ముడి బిగుస్తుంది తప్ప జారదు. చిత్తూరు, పూతలపట్టు దాటి తిరుపతి చేరేదాకా కదలలేదు.

మా నాన్న లారీకి గుడ్డ పట్టా ఉండేది. విప్పితే మైనం వాసన. తడిస్తే ఇద్దరు మోయాలి, ఆరబెట్టకపోతే బూజు. కానీ దానివి ఇత్తడి రింగులు, అంచు చుట్టూ తాడు లోపల పెట్టి కుట్టేవారు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు కూడా నా బండి మీద అదే ఉంది. ఎలుకలు కొరకకపోతే ఈ వీడియో అవసరమే వచ్చేది కాదు.

ఇంకొకటి, ఈ ప్లాస్టిక్ పట్టాకు గాలి ఆడదు. మధ్యాహ్నం ఎండలో లోపలి వైపు చెమట పట్టింది, వెనక భాగం ఎత్తి కట్టాల్సి వచ్చింది. 2025 వేసవిలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడి బండ్లు బారులు తీరి రోజుల తరబడి నిలబడ్డాయి కదా, ఆ ఎండలో ఇది కప్పి ఉంటే కాయ ఉడికిపోయేది.

మార్కులంటారా? షీటుకు పదికి తొమ్మిది, రింగులకు సున్నా. సగటు తీయమనకండి. గాలికి లేచిపోయే పట్టా వాన ఆపితే ఎంత, ఆపకపోతే ఎంత? నేనైతే డబ్బు పెట్టి కొనను. మీరు కొనేటట్లయితే, షీటు మందం చూసి మురిసిపోకుండా రింగులో వేలు పెట్టి గట్టిగా లాగండి. దుకాణదారు కోప్పడినా సరే.

పంపినవాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. "మరీ బిగించి కట్టారేమో" అన్నారు. బిగించక, పెళ్లి పందిరికి పూలదండ కట్టినట్టు కట్టాలా?

మిగతా మూడు మూలలకూ ఇంటి దగ్గరే రాళ్లు ఏరి కట్టేశాను. నాలుగోది మొగిలి ఘాట్ రాయి, దాన్ని మాత్రం మార్చను.