బట్కస్ నుంచి ఫ్రెడ్ వార్నర్ దాకా: లైన్‌బ్యాకర్ పని ఎంత మారింది?

[స్క్రీన్: పాత ఫుటేజ్. షికాగో బేర్స్, 51వ నంబర్ జెర్సీ]

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మిడిల్ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో ముందు వరస వెనక, మధ్యలో నిలబడే ఆటగాడు) అనగానే పాతతరం వాళ్లు చెప్పే మొదటి పేరు డిక్ బట్కస్. 1965 నుంచి 1973 దాకా బేర్స్‌కి ఆడాడు. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, దాదాపు 111 కిలోల బరువు. రన్నింగ్ బ్యాక్ బంతితో మధ్యలోంచి దూసుకొస్తే అక్కడికక్కడే పడగొట్టడం అతని మొదటి పని.

[స్క్రీన్: శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్, 54వ నంబర్]

ఇతను ఫ్రెడ్ వార్నర్. 2018 నుంచి ఆడుతున్నాడు. ఎత్తు అంతే, బరువు ఓ ఏడు కిలోలు తక్కువ, నిలబడే చోటూ అదే. కానీ బంతి కదలగానే చూడండి: వెనక్కి తిరిగి, పాస్ అందుకునే రిసీవర్ వెంట పరుగెడుతున్నాడు!

[స్క్రీన్: 1978]

ఈ తేడా ఇక్కడ మొదలైంది. ఆ ఏడాది అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ రూల్స్ మార్చింది. బంతి మొదలైన గీత నుంచి ఐదు గజాలు దాటాక రిసీవర్‌ని తొయ్యకూడదు, అడ్డగించకూడదు. క్వార్టర్‌బ్యాక్‌కి (పాస్ విసిరే ఆటగాడికి) కాపలా కాసే ఆఫెన్సివ్ లైన్‌మెన్ మాత్రం చేతులు చాచి బ్లాక్ చేయొచ్చు. క్వార్టర్‌బ్యాక్‌కి టైమ్ దొరికింది, పాసింగ్ పెరిగింది. మధ్యలోకొచ్చిన రిసీవర్‌ని బట్కస్ దారిలోనే గుద్ది ఆపగలిగేవాడు. ఇవాళ అదే పని చేస్తే ఫ్లాగ్ పడుతుంది, అంటే పెనాల్టీ.

అంకెలు పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం అన్యాయం. సాక్‌లకి (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడానికి) అధికారిక లెక్క 1982 దాకా మొదలవలేదు. బట్కస్ రోజుల్లో సీజన్‌కి 14 మ్యాచ్‌లు, ఇప్పుడు 17. బట్కస్‌కి ఉన్న 22 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పాస్‌ని మధ్యలో అందుకోవడం) మాత్రం రికార్డులో ఉన్నాయి. అతను దెబ్బలకే పేరు అనుకునేవాళ్లు ఆ అంకె తప్పక చూడాలి.

[స్క్రీన్: న్యూయార్క్ జెయింట్స్, 56]

లారెన్స్ టేలర్‌ని ఈ వరసలో కలపొద్దు. అతను ఔట్‌సైడ్ లైన్‌బ్యాకర్, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడు. 1986లో 20.5 సాక్‌లతో ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. అతన్ని ఆపడానికే వాషింగ్టన్ కోచ్ జో గిబ్స్ అదనంగా టైట్ ఎండ్‌ని (లైన్ చివర నిలబడి బ్లాక్ చేసే, పాస్ కూడా అందుకునే ఆటగాణ్ని) దింపాడు. టేలర్‌తో పోల్చాల్సింది 2021లో 22.5 సాక్‌లు చేసిన టీ.జే. వాట్ లాంటివాళ్లని.

[స్క్రీన్: హెల్మెట్ మీద ఆకుపచ్చ చుక్క]

2008 నుంచి డిఫెన్స్‌లో ఒకరి హెల్మెట్‌లో రేడియో ఉంటుంది. ఎక్కువగా అది లైన్‌బ్యాకర్‌కే. ప్లే క్లాక్‌లో (ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే గడువులో) 15 సెకన్లు మిగలగానే కోచ్ గొంతు ఆగిపోతుంది. ఆ తర్వాత ఆఫెన్స్ (బంతి ఉన్న జట్టు) అటూ ఇటూ మారితే, జట్టు మొత్తాన్ని సర్దాల్సింది అతనే. వార్నర్ గొప్పతనం నాకు ఎక్కువ కనబడేది అక్కడే, బంతి ఇంకా కదలకముందే.

మిడిల్‌లో ఒక్కరినే ఎంచుకోమంటే నేను రే లూయిస్‌ని ఎంచుకుంటాను. 1996 నుంచి 2012 దాకా బాల్టిమోర్ రేవెన్స్‌కి ఆడి 41.5 సాక్‌లు, 31 ఇంటర్‌సెప్షన్లు సాధించాడు. 2000 సీజన్‌లో 16 మ్యాచ్‌ల్లో ఆ జట్టు ప్రత్యర్థులకి ఇచ్చింది 165 పాయింట్లే. కవరేజ్‌లో, అంటే రిసీవర్‌ని కాచుకోవడంలో, వార్నర్ మెరుగు కావచ్చు. రన్ ఆపాల్సి వస్తే మాత్రం నా ఓటు లూయిస్‌కే.