బోటు ఎపాక్సీ కిట్ రివ్యూ: హార్డెనర్ సూపర్, ఆ మ్యాట్ ఎందుకు పెట్టారండీ?

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ ఫైబర్‌గ్లాస్ రిపేర్ కిట్ నేను కొన్నది కాదు, కంపెనీవాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. పేరు స్క్రీన్ మీద ఉంది, ధర, డబ్బాలో ఎంత వస్తుంది అన్నీ కింద లింకులో ఉన్నాయి. అవి చదివి మీ టైం తినను.

మన బోటు సంగతి పాత సబ్‌స్క్రైబర్లకి తెలుసు. 16 అడుగుల పాత ఫైబర్ బోటు, చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు, అదే ఈసీఆర్‌లో ఫ్రెండ్ వాళ్ల కాంపౌండ్‌లో ట్రైలర్ మీద ఉంటుంది. అక్కడి కోవళం వైపు తీసుకెళ్లి వస్తే చాలు, అడుగున నీళ్లు. పక్కన పెద్ద పగులుంది కదా, అందరూ దాన్నే అనుమానించారు. లీక్ పట్టుకోవడానికి బోటు నీళ్లలో దించక్కర్లేదండి. ట్రైలర్ మీదే లోపల కాసిని నీళ్లు పోసి, బయటంతా పొడిగా తుడిచి, ఎక్కడ చెమ్మ వస్తోందో చూడాలి. మరీ నింపేయకండి, 200 లీటర్లు పోస్తే 200 కిలోలు ట్రైలర్ మీద పడ్డట్టే. చూస్తే పగులు దగ్గర చుక్క లేదు! ట్రాన్సమ్, అంటే బోటు వెనక గోడ‌లో నీళ్లు బయటికి వదిలే డ్రెయిన్ ప్లగ్ బిగించిన స్క్రూల చుట్టూ కారుతోంది. పాత ఓనర్ దాని మీద సిలికాన్ పూసి వదిలేశాడు. సిలికాన్ మరక మీద ఇంకేదీ అతుక్కోదు. గీకి గీకి చేతులు పడిపోయాయి.

సరే, కిట్‌లో నాకు నచ్చింది ఒకటే, స్లో హార్డెనర్, అంటే ఎపాక్సీ రెసిన్ అనే జిగురులో కలిపితే దాన్ని నిదానంగా గట్టిపరిచేది. చాలా కిట్లలో చలిదేశాల వాళ్ల కోసం చేసిన ఫాస్ట్ హార్డెనర్ పెట్టి, కాగితం మీద 25 డిగ్రీల లెక్క రాస్తారు. చెన్నై మేలో 25 ఎక్కడుందండీ, ఏసీ రూములో ఉంది. ఉజ్జాయింపుగా 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే టైం సగమవుతుంది. అరగంట అని రాసింది మన దగ్గర పావుగంట. పైగా కలిపిన రెసిన్ కప్పులోనే ఉంచితే దాని వేడికి అదే ఉడికి పొగలొస్తుంది. కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పరిచేయండి. ఈ స్లో హార్డెనర్‌తో మాత్రం నేను గ్లాస్ క్లాత్ తడిపి, రోలర్‌తో బుడగలు తీసి, మధ్యలో ఫోన్ ఎత్తి మాట్లాడినా రెసిన్ ఇంకా చేతిలోనే ఉంది.

ఇంతకుముందు నేను వాడింది పాలిస్టర్ రెసిన్. చెన్నై చేపల రేవు కాసిమేడులో ఫైబర్ పడవలు చూశారుగా, ఆ పనుల్లో వాడేది అదే. చవక. వాసనకి మాత్రం తల తిరుగుతుంది. అది వాడేవాళ్లకి ఒక్క మాట: గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్‌ని, గట్టిపరిచే క్యాటలిస్ట్‌ని ఎప్పుడూ నేరుగా ఒకదాన్లో ఒకటి పోయకండి, భగ్గుమంటుంది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే క్యాటలిస్ట్. కొత్త బోటు పోయడానికి పాలిస్టర్ చాలు. పాత ఫైబర్ మీద ప్యాచ్ వేయాలంటే ఎపాక్సీ పట్టు వేరు.

ఇప్పుడు నా కోపం. ఇదిగో, ఈ తెల్లటి మ్యాట్. చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్, అంటే చిన్న చిన్న గాజు పోగుల్ని అడ్డదిడ్డంగా పరిచి అతికించిన షీటు. ఇందులో పోగుల్ని అతికించి ఉంచే బైండర్ పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్‌కి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. మరి కరిగేదెలా? చూడండి, పగులు అంచు దగ్గర అట్టముక్కలా లేచి నిలబడింది, ఎంత నొక్కినా వంగట్లేదు. ఎపాక్సీ కిట్‌లో ఈ మ్యాట్ పెట్టినవాళ్లు ఒక్కసారైనా తమ కిట్‌తో ప్యాచ్ వేసి చూశారా? పీకి పారేసి, నా దగ్గరున్న నేత క్లాత్ వేశాను. చక్కగా కూర్చుంది.

కాగితంలో లేని ఇంకో సంగతి. మన ఉక్కపోతలో ఎపాక్సీ ఆరాక పైన జిడ్డులాంటి పొర వస్తుంది. ఎమరీ పేపర్ పట్టేముందు మామూలు నీళ్లతో, గిన్నెలు తోమే స్క్రబ్బర్‌తో కడిగేయాలి. కడక్కుండా రుద్దితే ఆ జిడ్డు లోపలికి పోయి తర్వాతి కోటు ఊడొస్తుంది. థిన్నర్లు వద్దు, నీళ్లకే పోతుంది.

పగులు చుట్టూ ఎంత గ్రైండ్ చేయాలని కామెంట్లలో అడుగుతున్నారు. మందానికి 12 రెట్లు. ఫైబర్ 6 మిల్లీమీటర్లుంటే ప్రతి వైపూ 72 మిల్లీమీటర్ల ఏటవాలు. మాస్కు, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి, లేకపోతే రాత్రంతా దురదే. ప్లగ్ దగ్గర స్క్రూ రంధ్రాలు లోపలి ప్లైవుడ్ దాకా వెళ్తాయి కాబట్టి వాటిని ఆరబెట్టి, కాస్త పెద్దవి చేసి, ఎపాక్సీతో నింపి, మళ్లీ డ్రిల్ చేశాను. ఫిట్టింగ్ మాత్రం ఎపాక్సీతో కాదు, పాలీయూరిథేన్ సీలెంట్‌తో బిగించాలి, రేపు విప్పాల్సి వస్తుంది.

కొనాలా? రెసిన్, హార్డెనర్ విడిగా అమ్మితే కళ్లు మూసుకుని కొనండి. ఈ కిట్ మొత్తం ఈ ధరకి అంటే నేనైతే కొనను, ఆ మ్యాట్‌కి కూడా మనమే డబ్బులు కడుతున్నాం. కంపెనీవాళ్లు ఈ వీడియో చూస్తుంటే మ్యాట్ తీసేసి క్లాత్ పెట్టండి, మళ్లీ పంపండి, మళ్లీ రివ్యూ చేస్తాను. పెయింట్ వచ్చే వారం, అప్పటిదాకా బోటు టార్పాలిన్ కిందే.