అమ్మ పేరు చెప్పగలవా నాన్నా?

హెడ్‌మాస్టర్ గారికి, టీచర్లకి, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకి, ముందు వరసలో కింద కూర్చున్న పిల్లలకి నమస్కారం. ఈ బడిలో నేను పదకొండేళ్ళు తెలుగు చెప్పాను. ఇక్కడున్న తల్లుల్లో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. కాబట్టి మర్యాదలు ఇక్కడితో ఆపేస్తాను, మీరు ఏమీ అనుకోరు.

హెడ్‌మాస్టర్ గారు నాకు ఫోన్ చేసి, "పిల్లల భద్రత గురించి ఒక పావుగంట మాట్లాడండి మేడమ్, కొత్తవాళ్ళతో మాట్లాడొద్దని, తలుపు తీయొద్దని గట్టిగా చెప్పండి" అన్నారు. తప్పకుండా చెప్తాను. కానీ 1991 గోదావరి పుష్కరాల సంగతి చెప్పకుండా ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు.

అప్పుడు మేము మండపేటలో ఉండేవాళ్ళం. బాబుకి ఆరేళ్ళు. తెల్లవారుజామున బస్సెక్కి రాజమండ్రి వచ్చాం. కోటిలింగాల రేవులో స్నానం చేయించి, తల తుడిచి, వాణ్ణి గట్టు మీద నిలబెట్టి తడిచీర పిండుకుందామని అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి లేడు. మావారు ఒక పక్కకి, నేను ఒక పక్కకి పరిగెత్తాం. తప్పిపోయినవాళ్ళ గురించి మైకులో చెప్పే పందిరి దగ్గర నన్ను అడిగారు, "ఏ బట్టలమ్మా?" అని. నీలం గళ్ళ చొక్కా అన్నాను. గంటన్నర సేపు ఆ మైకులో నీలం గళ్ళ చొక్కా అని చెప్తూనే ఉన్నారు. ఆ చొక్కా నా చేతిసంచీలోనే ఉంది. స్నానానికని విప్పింది నేనే.

వాడు మాత్రం చాలా ముందే పక్క రేవులో వాలంటీర్ కుర్రాళ్ళకి దొరికాడు. పేరు అడిగితే పలకలేదు. ఊరు అడిగితే పలకలేదు. బిస్కెట్ ఇస్తే తీసుకోలేదు. పాపం వాళ్ళేం చేస్తారు? మూగపిల్లాడు అనుకున్నారు. "మాటలు రాని బాబు ఒకడు మా దగ్గర ఉన్నాడు" అని మైకులో చెప్పారు. అమ్మా, ఆ మాట నేను విన్నాను. మా వాడు కాదులే, మా వాడు గలగలా మాట్లాడతాడు కదా అనుకుని వెతుక్కుంటూ ఆ కుర్రాళ్ళ పందిరి ముందు నుంచే దాటిపోయాను.

సాయంత్రం నాలుగు దాటాక దొరికాడు. ఆ పందిరి పక్కనే పసుపు కుంకుమ అమ్ముకునే ఒకావిడ ఉంది, ఒళ్ళో చంటిపిల్ల. ఆవిడ వీణ్ణి ఏమీ అడగలేదట. తన పిల్లకి అన్నం కలిపి పెడుతూ, మరో ముద్ద ఆకులో వీడి ముందు పెట్టిందట. అది తిన్నాక "మాది మండపేట" అన్నాడు. ఆ ఒక్క మాట మైకులో వచ్చాకే మేము పరిగెత్తాం. ఎందుకు మాట్లాడలేదురా అని ఏడుస్తూ అడిగాను. "ఎవరితోనూ మాట్లాడొద్దని, ఎవరేం పెట్టినా తినొద్దని నువ్వే చెప్పావు కదమ్మా" అన్నాడు. నేనే చెప్పాను. బస్సులో దారి పొడుగునా అదే చెప్పాను.

మొత్తం ముప్పయ్యేళ్ళకి పైగా టీచరుగా పనిచేశాను. నేను చెప్పిన పాఠం ఒక పిల్లాడు అంత బాగా నేర్చుకోవడం మళ్ళీ చూడలేదు. అందుకే ఇప్పటికీ నాకు నిద్రపట్టదు.

ఇక్కడ ఒక్క నిమిషం. రెండో వరసలో పసుపు గౌను పాప, నువ్వే, లే అమ్మా. మీ అమ్మ పేరేంటి? విన్నారా? "అమ్మ" అంటోంది. కూర్చో తల్లీ, నీ తప్పేమీ లేదు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదని మనమే నేర్పాం. ఆ రోజు మైకు దగ్గర నా ముందు ఒక పెద్దావిడ నిలబడింది, భర్త తప్పిపోయాడు. పేరు చెప్పమంటే ఎంతకీ చెప్పదు. "మా పెద్దోడి నాన్న" అంటుంది. మైకులో అది చెప్తే ఎవరు వస్తారు? పిల్లలూ, తప్పిపోయినప్పుడు అమ్మని పేరు పెట్టి అరవండి. జనంలో "అమ్మా" అంటే వందమంది ఆడవాళ్ళు తిరిగి చూస్తారు. పేరు పెట్టి అరిస్తే మీ అమ్మే తిరుగుతుంది. అది మర్యాద తప్పడం కాదు, నేను చెప్తున్నాను కదా.

తప్పిపోయామని తెలియగానే ఎక్కడున్నారో అక్కడే ఆగిపోండి. మీరూ తిరిగి, అమ్మా తిరిగితే ఒకరికొకరు దొరకరు. తర్వాత సాయం అడగండి. ఎవరిని? పోలీసుని అడగండి, కొట్టులో కూర్చున్నవాళ్ళని అడగండి, పిల్లల్ని వెంటబెట్టుకున్న ఒకమ్మని అడగండి. మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి "రా, మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్తా" అనేవాళ్ళతో మాత్రం కదలొద్దు. అడిగే మనిషిని మీరు ఎంచుకోవాలి. రైల్లో అయితే 139, ఎక్కడైనా 112, పిల్లల కోసం 1098. ఈ 1098 1996లో ముంబైలో మొదలైంది, డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతారు. పెద్దలకో మాట. తప్పిపోయిన పిల్లాడు మీకు దొరికితే ఇంటికి తీసుకెళ్ళి ఉంచుకోకండి. ఎంత మంచి మనసుతో చేసినా సరే. 24 గంటల్లోపు పోలీసులకో 1098కో చెప్పాలని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోనే ఉంది.

ఇక తలుపు సంగతి. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఎవరైనా వస్తే కిటికీలోంచి చూసి, "అమ్మ స్నానం చేస్తోంది, తర్వాత రండి" అనండి. "ఇంట్లో ఎవరూ లేరు" అనొద్దు. బంగారానికి మెరుగు పెడతామని వచ్చేవాళ్ళకి తలుపు తీయొద్దు, ఇది పిల్లల కంటే అత్తగార్లకి ఎక్కువ చెప్పాలి. మంచినీళ్ళు అడిగితే గ్రిల్ సందులోంచి ఇవ్వండి, ఇవ్వకుండా మాత్రం పంపకండి. "మీ నాన్నకి యాక్సిడెంట్ అయింది, రా" అని బడి దగ్గరికి ఎవరైనా వస్తే? మా ఇంట్లో దానికి ఒక గుర్తు మాట ఉండేది, తాటిముంజ. ఆ మాట చెప్పనివాళ్ళ వెంట మా వాడు వెళ్ళకూడదు. మీరూ ఈ రాత్రే ఒకటి పెట్టుకోండి.

చాలు అని చెయ్యి చూపిస్తున్నారు. హెడ్‌మాస్టర్ గారూ, ఇంకొక్క మాట, ఇది చెప్పకపోతే నేను వచ్చినట్టే కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చింది. జనం నమ్మారు. కొత్త మొహం కనిపిస్తే చుట్టుముట్టారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షకి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపేశారు. ఆ రోజుల్లో నా ఫోన్‌కీ వచ్చాయి ఆ మెసేజ్‌లు, నా దగ్గర చదువుకున్నవాళ్ళే పంపారు. మన గుమ్మం ముందు నిలబడ్డ కొత్త మనిషి దారి తప్పి వచ్చుండొచ్చు. మతిమరుపుతో ఇల్లు మరిచిపోయిన ఎవరి నాన్నో అయ్యుండొచ్చు. తలుపు వేసే ఉంచండి, కానీ కిటికీలోంచి పేరు అడగండి, కూర్చోమనండి, 112కి ఫోన్ చేయండి. ఆ పసుపు కుంకుమ అమ్ముకునే ఆవిడ కూడా నాకు కొత్త మనిషే. పేరు కూడా అడగలేదు నేను. బాబుని ఎత్తుకుని బస్టాండ్‌కి పరిగెత్తాను.

2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో చేసినట్టు పిల్లల చేతికి పట్టీలు కట్టండి. బయల్దేరేముందు ఫోన్‌లో పిల్లల ఫొటో ఒకటి తీసుకోండి, స్నానం అయ్యాక మరొకటి. నా నీలం గళ్ళ చొక్కా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు పిల్లలందరూ లేచి మీ అమ్మ దగ్గరికి వెళ్ళండి. నాకు చెప్పకండి, మైకులో చెప్పకండి. అమ్మ పేరు, నాన్న పేరు, ఊరు, ఫోన్ నంబరు అమ్మ చెవిలోనే చెప్పండి. తప్పు వస్తే మళ్ళీ చెప్పండి. అమ్మ రాలేదా? అలాంటివాళ్ళు మీ క్లాసు టీచర్ దగ్గరికి వెళ్ళండి. పసుపు గౌను పాపా, నువ్వు ముందు.