పాత కారు బాగుచేత: ఒరిజినల్ ఎంత, మన ముచ్చట ఎంత? (ఫోన్-ఇన్)

వ్యాఖ్యాత: నమస్కారం. పాత కారుని మళ్ళీ రోడ్డెక్కించేటప్పుడు ఒరిజినల్‌గా ఏం ఉంచాలి, మన ముచ్చట ఎక్కడ తీర్చుకోవచ్చు... ఈరోజు దాని గురించే మాట్లాడుకుంటున్నాం. మొదటి కాల్. హలో, చెప్పండి.

శ్రోత 1: నమస్కారమండీ. నాది ఫియట్ 1100. వెలిసిపోయిన లేత ఆకుపచ్చ రంగు. నాకేమో ముదురు ఎరుపు ఇష్టం. వేయించొచ్చా?

నిపుణుడు: ఆ ఆకుపచ్చ కంపెనీలో వేసిందేనా?

శ్రోత 1: అది తెలీదు సార్.

నిపుణుడు: ముందు అది తేల్చుకోండి. డాష్‌బోర్డు వెనక, వెనక సీటు కింద చూడండి. తర్వాత రంగు వేసినవాళ్ళ గన్ అక్కడిదాకా పోదు. ఇంకా అనుమానముంటే డోరు అంచు దగ్గర బొట్టుబిళ్ళంత చోట 800 నంబరు వాటర్ పేపరుతో తడుపుతూ గుండ్రంగా రుద్దండి. పొరలు వలయాల్లా బయటపడతాయి. రేకు పక్కనే ప్రైమరు, దాని పక్కన మొదటి రంగు, ఆ తర్వాత ఎన్నిసార్లు వేస్తే అన్ని వలయాలు. మందం కొలిచే మీటరు దొరికితే మరీ మంచిది. కంపెనీ పెయింటు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. 250 దాటితే మళ్ళీ వేశారని లెక్క. 1000 దాటిందంటే కింద పుట్టీ ఉంది.

శ్రోత 1: కంపెనీదే అని తేలితే?

నిపుణుడు: చాలా భాగం మిగిలుంటే ముట్టుకోవద్దు. పాలిష్ పట్టండి, మైనం పెట్టండి. మీకు ఎరుపు ఎప్పుడైనా దొరుకుతుంది, ఆ మొదటి పొర మళ్ళీ దొరకదు. ఇప్పటికే రెండు మూడుసార్లు వేసుంటే మాత్రం మీ ఇష్టం. కానీ వేస్తే పూర్తిగా వేయండి. డోరు ఫ్రేములు, డిక్కీ లోపల, బానెట్ అడుగు, అద్దాల రబ్బర్లు తీసి వాటి కింద. డోరు తెరవగానే ఆకుపచ్చ కనబడితే కారు మొత్తం దొంగరంగులా ఉంటుంది. డాష్‌బోర్డు వెనక మాత్రం పాత రంగు అలాగే వదిలేయండి, రేపు ఎవరికైనా ఆనవాలుగా ఉంటుంది. మెటాలిక్ వద్దు, పైన క్లియర్ కోటు కూడా వద్దు. ఆ కాలం కారు మీద ఆ గాజు మెరుపు అతకదు.

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ. తర్వాతి కాల్. హలో?

శ్రోత 2: హలో... వినబడుతోందా? సార్, నమస్తే. నాది బీటిల్ సార్, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1965 మోడల్, 1200 ఇంజను. బాడీ గట్టిగానే ఉంది, ఇంజను తిరుగుతోంది. ఇంట్లోవాళ్ళంతా ఒరిజినల్‌గా ఉంచమంటారు. నాకేమో నడుపుకోవాలని ఉంది. ఆరు వోల్టుల కరెంటు, లైట్లు కిరసనాయిలు దీపంలా ఉన్నాయి. పన్నెండు చేయిద్దామని, డిస్క్ బ్రేకులు, అల్లాయ్ వీల్సు, ఏసీ, పాటలకి నాలుగు స్పీకర్లు. డోర్లలో రెండు, వెనక రెండు. డోర్లకి కన్నాలు ఎంత సైజు...

నిపుణుడు: ఆగండి ఆగండి. రేకుకి కన్నం పెట్టొద్దు. అది తర్వాత మాట్లాడదాం. ఒక్కొక్కటే చూద్దాం. లైట్లు మసగ్గా ఉన్నాయన్నారు. బల్బు దగ్గర వోల్టేజి కొలిచారా?

శ్రోత 2: లేదు సార్. ఆరు వోల్టులంటే అంతే అని మెకానిక్కు...

నిపుణుడు: అంతే కాదు. లైట్లు వేసి బ్యాటరీ దగ్గర ఎంతుందో చూడండి, బల్బు పిన్ను దగ్గర ఎంతుందో చూడండి. తేడా అర వోల్టు దాటితే లోపం మధ్యలో వైర్లలోనో కనెక్షన్లలోనో ఉంది. 45 వాట్ల బల్బు పన్నెండు వోల్టుల మీద నాలుగు ఆంపియర్ల లోపే లాగుతుంది, ఆరు మీద ఏడున్నర లాగుతుంది. అందుకే ఆరు వోల్టుల కారులో తుప్పు పట్టిన ప్రతి కనెక్షనూ రెట్టింపు తినేస్తుంది. ఎర్త్ పాయింట్లు విప్పి రేకు మెరిసేదాకా గీకండి, ఫ్యూజుల క్లిప్పులు శుభ్రం చేయండి, హెడ్‌లైట్లకి ఒక రిలే, అంటే బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే స్విచ్చు, పెట్టండి. సగం మంది అక్కడితో ఆగిపోతారు, పన్నెండు వోల్టుల మాటే ఎత్తరు.

శ్రోత 2: అయినా పన్నెండే చేద్దామంటే?

నిపుణుడు: చేయొచ్చు, తప్పేం లేదు. ఆ కంపెనీయే 1960ల చివర్లో పన్నెండుకి మారింది. బ్యాటరీ, డైనమో, రెగ్యులేటరు, ఇగ్నిషన్ కాయిలు, బల్బులన్నీ, ఇండికేటరు ఫ్లాషరు, హారను, వైపరు మోటారు, కార్బొరేటరు మీద ఆటో చోక్ ఎలిమెంటు. ఇవన్నీ మారాలి. ఒక్కటి మర్చిపోతే అదే కాలిపోతుంది. మామూలుగా మర్చిపోయేది చోక్ ఎలిమెంటు. వైర్లు మార్చక్కర్లేదు, ఆరుకి వేసినవి లావుగానే ఉంటాయి.

శ్రోత 2: స్టార్టరు సార్?

నిపుణుడు: మంచి ప్రశ్న. స్టార్టరు తిప్పేది ఇంజను వెనకున్న పళ్ళ చక్రాన్ని, ఫ్లైవీలు అంటారు. మీ ఫ్లైవీలుకి 109 పళ్ళు. పన్నెండు వోల్టుల స్టార్టరు 130 పళ్ళ ఫ్లైవీలుకి చేసింది. అది పెట్టాలంటే ఫ్లైవీలు పెద్దదవుతుంది, దానికోసం గేర్‌బాక్సు కేసు లోపల గ్రైండరు పెట్టి చెక్కాలి. చెక్కింది మళ్ళీ రాదు. పాత స్టార్టరునే ఉంచేయండి, పన్నెండు మీద వేగంగా తిరుగుతుంది. తాళం ఒక్క క్షణం తిప్పి వదలాలి, పట్టుకుని కూర్చుంటే పళ్ళు అరిగిపోతాయి. ఇంకోటి, ఇది ముఖ్యం. బ్యాటరీ ఎక్కడుంది మీ కారులో?

శ్రోత 2: వెనక సీటు కింద.

నిపుణుడు: పైన మూత ఉందా?

శ్రోత 2: మూతా? లేదనుకుంటా సార్.

నిపుణుడు: లేకపోతే ఇవాళే పెట్టండి. సీటు కింద స్ప్రింగులు ఇనుపవి, పైన గుర్రపు వెంట్రుకల దిండు. కొత్త బ్యాటరీ కాస్త ఎత్తుంటే చాలు, లావుపాటి మనిషి కూర్చోగానే స్ప్రింగు టెర్మినల్ మీద ఆనుతుంది. ఆ దిండు అంటుకోడానికి నిమిషం పట్టదు. ఒరిజినల్, ముచ్చట అని వాదించుకునే లోపు కారే ఉండదు.

శ్రోత 2: అయ్యబాబోయ్. సరే సార్. మరి డిస్కులు?

నిపుణుడు: 1200 ఇంజను 34 గుర్రాలది. దానికి డ్రమ్ములు సరిగా సర్దితే చాలు. నాలుగు చక్రాలూ ఎత్తి, రెండేసి అడ్జస్టర్లు బిగించి, కాస్త రాసుకునేదాకా తిప్పి, రెండు మూడు పళ్ళు వెనక్కి వదలాలి. చాలామంది ఒక్క అడ్జస్టరే తిప్పి బ్రేకులు బాలేవంటారు. నేనైతే డిస్కుల కన్నా ముందు మాస్టర్ సిలిండరు, అంటే పెడలు తొక్కితే బ్రేకు ఆయిల్ని తోసేది, మార్చమంటాను. మీది సింగిల్ సర్క్యూట్. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. రెండు విడి దారులుండే డ్యూయల్ సర్క్యూట్ది బోల్టుల మీద ఎక్కుతుంది, రేపు దించేయొచ్చు. డిస్కులే కావాలంటే మీ ఫ్రంట్ యాక్సిల్ లింక్ పిన్ అనే పాత రకం కాబట్టి దానికి సరిపడే కిట్టు అడగండి, తర్వాత వచ్చిన బాల్ జాయింటు రకానిది ఎక్కదు. డిస్కులకి వెళ్ళే గొట్టం దారిలో డ్రమ్ముల కోసం కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే చెక్ వాల్వు ఉంటుంది. అది తీసేయకపోతే ప్యాడ్లు ఎప్పుడూ పట్టుకునే ఉంటాయి, డిస్కు కాగిపోతుంది.

వ్యాఖ్యాత: సార్, ఇంకా కాల్స్ వెయిటింగ్‌లో...

శ్రోత 2: ఒక్క నిమిషం మేడం. అల్లాయ్‌లు?

నిపుణుడు: బోల్టులు విప్పితే పోయేవి, మీ ముచ్చట తీర్చుకోండి. అసలు రిమ్ములు మాత్రం పారేయొద్దు. టైరు మొదట 5.60-15, దాని బదులు 165 ఆర్ 15 రేడియల్ సరిపోతుంది. అంతకన్నా వెడల్పు వేస్తే స్టీరింగు బరువెక్కుతుంది, ఫెండరుకి రాసుకుంటుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, తయారైన వారం, సంవత్సరం. గాట్లు నిండుగా ఉన్నాయని మోసపోకండి, పదేళ్ళు దాటితే తీసేయండి. ఏసీ వద్దు. 34 గుర్రాల్లోంచి కంప్రెసరు తన వాటా తీసుకుంటే ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. గాలితో చల్లబడే ఇంజను, వేడి ఇంకా పెరుగుతుంది. పైగా పైపులకి కన్నాలు.

శ్రోత 2: సరే ఏసీ వదిలేస్తా. డోర్లలో స్పీకర్లకి మాత్రం చిన్న కన్నం...

నిపుణుడు: అబ్బా, రేకుకి కన్నం పెట్టొద్దన్నానా? డోరు లోపల వాన నీళ్ళు కారుతుంటాయి. కోసిన అంచు నుంచే తుప్పు మొదలవుతుంది. వెనక సీటు వెనక సామాన్ల గుంట ఉంది కదా, అందులో పట్టేలా చెక్క పెట్టె చేయించి స్పీకర్లూ ఆంప్లిఫయరూ అందులో పెట్టండి. ఎత్తితే వచ్చేయాలి. డాష్‌బోర్డులో పాత రేడియో పాడైనా దాని ముఖం ఉంచి, లోపల బ్లూటూత్ బోర్డు పెట్టించండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ. తర్వాత... మేడం, చెప్పండి.

శ్రోత 3: నమస్తే అండీ. మాది మోరిస్ మైనర్. సీట్లు కుట్టు దగ్గర చిరిగాయి. రెక్సిన్ బదులు లేత గోధుమరంగు తోలు వేయిద్దామని ఉంది. తప్పా?

నిపుణుడు: తప్పు కాదమ్మా. సీటు తొడుగు ఎప్పుడైనా మార్చుకునేదే. కుట్టు దగ్గర ఒక్కటే చిరిగిందా, రెక్సిన్ పెళుసెక్కిందా?

శ్రోత 3: మిగతాది మెత్తగానే ఉందండి.

నిపుణుడు: అయితే ముందు కుట్టు విప్పి లోపలివైపు నుంచి గుడ్డ అతికించి, అవే రంధ్రాల్లోంచి మళ్ళీ కుట్టించి చూడండి. కొత్త రంధ్రాలు పడితే పోస్టల్ స్టాంపులా అక్కడే చిరుగుతుంది. తోలే వేయించాలనుకుంటే మడతల వెడల్పు కొలిచి రాసుకోండి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రంగు మీ ఇష్టం, ఆ గీతలు మాత్రం అలాగే రావాలి. కారు లోపలి రూపం గీతల్లోనే ఉంది. దర్జీలు ఫోము ఎక్కువ దట్టిస్తారు. సీటు రెండంగుళాలు పెరిగితే మీ మోకాళ్ళు స్టీరింగుకి తగులుతాయి. ముందు ఎత్తు కొలిచి వాళ్ళకి చెప్పండి. పాత తొడుగు...

శ్రోత 3: పారేయను లెండి.

నిపుణుడు: (నవ్వు) అంతే. మడతపెట్టొద్దు, గుండ్రంగా చుట్టి పెట్టండి. మీది చెక్క ఫ్రేమున్న ట్రావెలరా, మామూలు సెలూనా?

శ్రోత 3: ట్రావెలరండి.

నిపుణుడు: అయితే సీట్ల కన్నా ముందు వెనక చెక్క చూడండి. అది అలంకారం కాదు, బాడీ భారం మోసేదే. కింది పట్టీల అతుకుల దగ్గర స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి. దిగబడితే పుచ్చినట్టు. వార్నిష్ పూసి దాచొద్దు, ఆ ముక్క యాష్ చెక్కతోనే మార్చాలి.

వ్యాఖ్యాత: థాంక్యూ మేడం. హలో?

శ్రోత 4: సార్, పాజిటివ్ ఎర్త్ కారులో, అంటే బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి కలిపిన కారులో, ఎల్ఈడీ బల్బులు పెట్టొచ్చా?

నిపుణుడు: మామూలువి నెగటివ్ ఎర్త్‌కి చేసినవి, వెలగవు. పాజిటివ్‌కి చేసినవి అడిగి తీసుకోండి. ఇండికేటర్లలో పెడితే ఫ్లాషరు కూడా మార్చాలి, పాతది 21 వాట్ల బల్బు లాగే కరెంటుకి వేడెక్కి కొట్టుకునేది. హెడ్‌లైట్లలో వద్దు. ఆ రిఫ్లెక్టరు ఫిలమెంటు ఉండే చోటుకి లెక్కకట్టి చేసింది. ఎదుటివాళ్ళ కళ్ళు పోతాయి.

వ్యాఖ్యాత: సరే. ఇంకో కాల్.

శ్రోత 5: నమస్తే. నా కారు పైన అక్కడక్కడ తుప్పు మరకలు, వాటిని అలాగే ఉంచి పైన క్లియర్ కోటు...

నిపుణుడు: వద్దు. కింద తేమ ఉండిపోతుంది, ఏడాదీ రెండేళ్ళలో పొరలు పొరలుగా లేస్తుంది. అప్పుడు గీకాలి, గీకితే మీరు దాచుకుందామన్న పాత రంగూ పోతుంది. మైనం పెట్టండి, అరిగితే మళ్ళీ పెట్టండి. తుప్పు రేకుని తిని కన్నాలు పడ్డాయంటే అది ముచ్చట కాదు, వెల్డింగు పని.

వ్యాఖ్యాత: హలో, చెప్పండి.

శ్రోత 6: సార్, కారు పాతబడేలోగా దాని మీద జరిగిన మార్పులుంటాయి కదా. నా దానికి ఎప్పుడో వేసిన ఫాగ్ ల్యాంపులున్నాయి. అవి తీసేయాలా? ఒరిజినల్ అంటే ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుదేనా?

నిపుణుడు: బాగా అడిగారు. కారు వాడుకలో ఉన్న కాలంలో చేరినవి దాని చరిత్రలో భాగమే, తీయక్కర్లేదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా అని ఉంది, 1966లో ఏర్పడింది. పాత వాహనాల్ని ఎలా కాపాడాలో చెప్పే దాని టురిన్ చార్టర్ కూడా ఈ దారే చెప్తుంది. ఉన్నదాన్ని కాపాడటం ముందు, కొత్తగా చేయడం తర్వాత, చేసిందంతా రాసిపెట్టాలి. కొత్త భాగం వేస్తే ఎక్కడో కనబడని చోట గుర్తు కొట్టండి. విప్పేముందు ఫోటోలు తీయండి, ప్రతి బోల్టుల సంచీకి చీటీ కట్టండి. చాసిస్ నంబరు చుట్టుపక్కల మాత్రం గ్రైండరు...

శ్రోత 6: మరి ఇంజను మార్చి డీజిలుది... హలో? హలో...

వ్యాఖ్యాత: లైను కట్టయింది. సార్, ఇంజను గురించి ఒక్క మాట?

నిపుణుడు: వేరే ఇంజను పెడితే మౌంటింగులు, బరువు, బ్రేకులు, గేర్‌బాక్సు అన్నీ కదులుతాయి, ముందువైపు అడ్డంగా ఉండే ఇనుప దూలం, క్రాస్ మెంబరు, కోస్తారు. నేను వద్దనే అంటాను. అయినా పెడితే పాత ఇంజను పారేయొద్దు. ప్లగ్గు రంధ్రాల్లో తలో చెంచా ఆయిలు పోసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, అన్ని మూతలూ బిగించి, నంబరు కనబడేలా పెట్టండి.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్. హలో?

శ్రోత 2: మళ్ళీ నేనే సార్, బీటిల్. బ్యాటరీ చూశాను, మూత లేదు. ఇప్పటికి రబ్బరు షీటు వేసి కట్టాను, సరిపోతుందా?

నిపుణుడు: ఈ రాత్రికి సరిపోతుంది. అది గట్టి మూత కాదు, రాపిడికి చిరుగుతుంది. సరైన మూత వచ్చేదాకా వెనక సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టకండి.

శ్రోత 2: అలాగే సార్. ఇంకోటి, సీటు వెనక పెట్టె అన్నారు కదా, దాన్ని రేకుకి బిగించడానికి రెండు చిన్న స్క్రూలు...

నిపుణుడు: బెల్టు పెట్టి కట్టండి బాబూ, బెల్టు!

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. సార్‌కి ధన్యవాదాలు. నమస్కారం.