ఎక్కిళ్ళు ఆగాలంటే ఊపిరి, గుటక

అక్క: అందరికీ నమస్తే. ఈసారి ఎక్కిళ్ళ గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే మా తమ్ముడు నిన్నంతా వాటితో అవస్థపడ్డాడు.

తమ్ముడు: అవునక్కా. గబగబా తినేసి, కూల్‌డ్రింక్ గటగటా తాగేసి ఆఫీస్ కాల్‌లో కూర్చున్నా, అంతే, మొదలయ్యాయి. పక్కనున్నవాళ్ళు తలా ఒక సలహా, ఊపిరి బిగబట్టమని ఒకరు, నీళ్ళు తాగమని ఒకరు, ఒకతనైతే వెనకనుంచి వచ్చి గట్టిగా అరిచాడు కూడా. అసలు వీటిలో పనిచేసేది ఏది?

అక్క: ఎందుకొస్తాయో తెలిస్తే ఏది పనిచేస్తుందో నీకే అర్థమవుతుంది. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఒక కండరం ఉంటుంది, డయాఫ్రమ్ అంటారు. అది మన ప్రమేయం లేకుండా ఒక్కసారి బిగుసుకుంటుంది, గాలి లోపలికి దూసుకొస్తుంది, సుమారు 35 మిల్లీసెకన్లలోనే గొంతులో స్వరతంత్రులు టక్కున మూసుకుంటాయి. ఆ చప్పుడే ఎక్కిలి.

తమ్ముడు: మరి కూల్‌డ్రింక్‌కీ దానికీ ఏంటి సంబంధం?

అక్క: మెదడు నుంచి మెడ, ఛాతీ మీదుగా పొట్ట దాకా వేగస్ అనే నరం వెళ్తుంది, డయాఫ్రమ్‌ని కదిలించే ఫ్రెనిక్ నరం వేరే ఉంటుంది. గ్యాస్‌తో పొట్ట ఉబ్బినా, బాగా వేడిదో చల్లటిదో ఒకేసారి మింగినా ఈ నరాలు రేగుతాయి. కాబట్టి చిట్కా ఏదైనా చేయాల్సిన పని ఒకటే, ఆ నరాలకి ఇంకో పని చెప్పి ఎక్కిళ్ళ వరస తెంపడం. దానికి ఊపిరి, గుటక, ఈ రెండే దారులు.

తమ్ముడు: ఊపిరి బిగబట్టి చూశాను, ఆగలేదే!

అక్క: ఎంతసేపు పట్టావు? రెండు సెకన్లు పట్టి వదిలేస్తే లాభం లేదు. ఊపిరి బిగబడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, అది పెరిగితే ఎక్కిళ్ళు తగ్గుతాయి. నిదానంగా గాలి పీల్చి, పది పదిహేను సెకన్లు ఆపి, మెల్లగా వదిలి, మళ్ళీ మూడు నాలుగుసార్లు చెయ్యి. కూర్చుని మోకాళ్ళు ఛాతీకి దగ్గరగా లాక్కుని కాసేపు ఉండటం కూడా మంచిదే, నాకు ఎక్కువగా దాంతోనే ఆగుతాయి. ముక్కూ నోరూ మూసి ముక్కడం అనే పద్ధతి ఒకటుంది కానీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు దాని జోలికి వెళ్ళకూడదు.

తమ్ముడు: నీళ్ళ సంగతి?

అక్క: గుటక వేసే క్షణంలో ఊపిరి దానంతటదే ఆగుతుంది, గమనించావా? అందుకే ఒక గ్లాసు చల్లటి నీళ్ళు మధ్యలో ఆపకుండా చిన్న చిన్న గుటకలుగా తాగాలి. చెవులు మూసుకుని స్ట్రాతో తాగడమూ ఇలాంటిదే. ఒక్కసారిగా గొంతులో పోసుకుంటే మాత్రం పొలమారుతుంది. ఇక చెంచాడు పొడి చక్కెర చిట్కా ఉంది కదా, 1971లో ఒక వైద్య పత్రికలో దాని గురించి రాశారు, 20 మందికి ఇస్తే 19 మందికి ఆగాయట. చాలా చిన్న పరీక్షే, కానీ గరుకు గరుకుగా గొంతులోంచి దిగేటప్పుడు అక్కడి నరాలు కదులుతాయన్నది నమ్మదగిన మాటే. షుగర్ ఉన్నవాళ్ళు వద్దు, నీళ్ళే మేలు.

తమ్ముడు: అరిచి భయపెట్టడం?

అక్క: దయచేసి వద్దు. ఉలిక్కిపడి ఊపిరి ఆగితే ఎక్కిళ్ళూ ఆగొచ్చు, కానీ నోట్లో ముద్ద ఉంటే? పెద్దవయసువాళ్ళయితే? కనుగుడ్లు నొక్కమని చెప్పేవాళ్ళూ ఉన్నారు, అది ఇంకా ప్రమాదం. నెలల పిల్లలకైతే ఈ చిట్కాలేవీ వద్దు, చక్కెర వద్దు, ఏడాది లోపు తేనె అసలే వద్దు. పాలు తాగించడం కాసేపు ఆపి, భుజాన వేసుకుని తేన్పు తెప్పిస్తే చాలు. కడుపులో ఉన్నప్పుడు కూడా బిడ్డలకి ఎక్కిళ్ళు వస్తాయి, కంగారు పడక్కర్లేదు.

తమ్ముడు: నాన్న సంగతి కూడా చెప్పక్కా.

అక్క: చెప్పాలి. నాన్నకి ఆపరేషన్ అయిన తర్వాత మూడు రోజులు ఎక్కిళ్ళు ఆగలేదు. నిద్ర లేదు, తిండి లేదు, మేమేమో నీళ్ళు తాగించుకుంటూ కూర్చున్నాం. 48 గంటలు దాటితే అది చిట్కాలతో పోయేది కాదని మాకు అప్పుడు తెలియదు. వాడుతున్న మందు వల్ల కావచ్చు, పొట్టలో ఆసిడ్ పైకి తన్నడం వల్ల కావచ్చు, కిడ్నీలో సమస్య కావచ్చు. నాన్న విషయంలో అది మందు వల్ల వచ్చింది, మార్చాక ఆ రాత్రే తగ్గిపోయింది.

తమ్ముడు: అమెరికాలో ఒకాయనకి ఏళ్ళ తరబడి ఆగలేదని విన్నా.

అక్క: చార్లెస్ ఆస్‌బోర్న్. 1922లో మొదలై 1990 దాకా, అరవై ఎనిమిదేళ్ళు. అంతకాలం ఎవరికో గానీ ఉండవు, కానీ రెండు రోజులు దాటితే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి. ఎక్కిళ్ళతో పాటు మాట తడబడటం, చెయ్యో కాలో మొద్దుబారడం, ఛాతీలో నొప్పి ఉంటే రెండు రోజులు కాదు, రెండు నిమిషాలు కూడా ఆగకండి.