మిక్కీ తలకాయలో ఫోటోలు పడతాయా?

నమస్తే అండీ. పాత బొమ్మ కెమెరా ఏది చూపించినా ఒకటే మాట: "ఉత్త ప్లాస్టిక్, దాంట్లో ఫోటోలేం పడతాయి?" వినీ వినీ విసుగొచ్చింది. పడతాయి. శుభ్రంగా పడతాయి.

[తెర మీద కెమెరా, దగ్గరగా]

ఇది మిక్-ఎ-మ్యాటిక్. 1970ల మొదట్లో అమెరికాలో చైల్డ్ గైడెన్స్ అనే బొమ్మల కంపెనీ పిల్లల కోసం చేసింది. కెమెరా మొత్తం మిక్కీ మౌస్ తలే. ముక్కులో లెన్స్, నుదుటి మీద వ్యూఫైండర్, అంటే ఫోటోలో ఏం పడుతుందో చూసుకునే కిటికీ. మరి ఫోటో తీయడానికి బటన్ ఎక్కడ? కుడి చెవి! పట్టుకుని లాగితే టక్కుమంటుంది. ఎవరికొచ్చిన ఆలోచనో గానీ, నాకు మహా ఇష్టం.

ఇందులో ఫోకస్ తిప్పే పని లేదు, స్పీడ్ మార్చే పని లేదు. అన్నీ కంపెనీవాళ్ళే ఒకచోట బిగించేశారు. అయినా ఫోటో ఎలా వస్తుందంటారా? మిద్దె మీద వడియాలు పెట్టేవాళ్ళు ఎండని కొలుస్తారా? మంచి ఎండ చూసి పెడతారు, అంతే. ఇక్కడా అంతే. షటర్, అంటే వెలుతురుని లోపలికి వదిలే తలుపు, తెరుచుకునే సమయం ఒకటే, వెలుతురు వెళ్ళే రంధ్రమూ ఒకటే. మిగతాది ఎండ చూసుకుంటుంది.

మరి ఎండ ఎక్కువైతే? వడియం నాలుగు గంటలు ఎక్కువ ఎండినా ఏమీ కాదు, పచ్చి మిగిలితేనే బూజు పడుతుంది. కలర్ నెగటివ్ ఫిల్మ్ గుణమూ అదే. వెలుతురు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. మబ్బు పట్టిన రోజు వడియాలు పెట్టం కదా, ఫోటో కూడా తీయకూడదు. ఇంట్లో అయితే ఫ్లాష్ ఉండాల్సిందే.

రంధ్రం చిన్నది కాబట్టి నాలుగైదు అడుగుల నుంచి దూరం దాకా అన్నీ ఓ మాదిరిగా ఫోకస్‌లోనే ఉంటాయి.

మరి పాత ఫోటోలు అంత మసకగా ఎందుకున్నాయి? అందరూ ప్లాస్టిక్ లెన్స్‌ని తిడతారు. లెన్స్ గొప్పదని నేనూ అనను, కానీ సగం తప్పు ఆ చెవిది! చిన్న పిల్లాడు చెవి లాగితే తలకాయ మొత్తం ఊగుతుంది, ఫోటో అలికినట్టు వస్తుంది. అందుకే తర్వాత వచ్చిన రకంలో చెవిని వదిలేసి షటర్‌కి విడిగా ఓ చిన్న మీట పెట్టారు.

ఇక ఫిల్మ్. టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. దీనికి కావలసింది కొడాక్ 1963లో తెచ్చిన 126 క్యాట్రిడ్జ్, అంటే ఫిల్మ్ లోపలే ఉండే ప్లాస్టిక్ డబ్బా. పిల్లలు తలకిందులుగా పెడదామన్నా పట్టదు. ఫోటో చదరంగా వస్తుంది. కొడాక్ దాని తయారీ ఎప్పుడో ఆపేసింది. కానీ ఆ ఫిల్మ్ వెడల్పు 35 మిల్లీమీటర్లే! కాబట్టి ఖాళీ క్యాట్రిడ్జ్‌లో మామూలు ఫిల్మ్ చుట్టుకోవచ్చు, చీకట్లో.

మూడు జాగ్రత్తలు. 126లో ఫోటోకి ఒక్కటే చిల్లు, మన ఫిల్మ్‌కి వరసగా చిల్లులే. కెమెరా చిల్లు తగిలినప్పుడల్లా రీల్‌ని ఆపేస్తుంది కాబట్టి తర్వాతి ఫోటో దాకా జరగకుండా మధ్యలోనే ఆగిపోతుంది. లెన్స్‌కి చెయ్యి అడ్డం పెట్టి ఉత్తుత్తి షాట్లు కొడుతూ తిప్పాలి. వెనక నంబర్ కనిపించే కిటికీకి నల్ల టేపు వేయండి, లేకపోతే వెలుతురు దూరుతుంది. ల్యాబ్‌వాళ్ళకి క్యాట్రిడ్జ్ ఇచ్చేటప్పుడు లోపలుంది మామూలు 35 ఫిల్మేనని, చీకట్లోనే విప్పాలని చీటీ రాసి అతికించండి.